కొత్త పురుగును ‘కనుగొన్నారు’ అని రాసే ముందు

సంపాదకులు గారికి,

నమస్కారాలు. ‘కొత్త పురుగును కనుగొన్న శాస్త్రవేత్తలు’ అనే శీర్షికతో వార్తలు తరచూ వస్తుంటాయి. ఒక బొమ్మ, నోరు తిరగని ఒక పేరు, నాలుగు వాక్యాలు. చదివినవాళ్లకు సహజంగానే రెండు సందేహాలు కలుగుతాయి. ఆవగింజంత పురుగు కొత్తదో కాదో ఎలా తేల్చారు? తేల్చడానికి దాన్ని చంపాల్సిందేనా? ఈ రెండింటికీ వార్తలో జవాబు దొరకదు. వార్త పురుగు దొరికిన చోటే ఆగిపోతుంది, అసలు పని అక్కడే మొదలవుతుంది. ఎండుటాకుల్లో బతికే చిన్న పెంకు పురుగుల వర్గీకరణలో పనిచేస్తున్నవాళ్లం కాబట్టి, ఆ పని ఎలా నడుస్తుందో, ఎక్కడ చెడుతుందో మీ విలేకరులకూ పాఠకులకూ చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం. నిడివి ఎక్కువైంది, మన్నించాలి. వివరాలు తీసేస్తే చెప్పడానికి ఏమీ మిగలదు.

ముందు మాట సంగతి. పురుగు దొరకడం వేరు, దాన్ని కొత్త జాతిగా వర్ణించడం వేరు. నెల్లోప్టోడెస్ గ్రేటే అనే పెంకు పురుగు పొడవు 0.79 మిల్లీమీటర్లు. కళ్లు లేవు, రెక్కలు లేవు. కెన్యాలో 1964–65లో సేకరించిన మట్టి, ఆకుల నమూనాల్లో అది ఉంది. దానికి పేరు వచ్చింది మాత్రం 2019లో, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో దాచిన ఆ నమూనాలను ఒకరు కూర్చుని చూశాక. చార్లెస్ డార్విన్ 1832లో అర్జెంటీనాలోని బాహియా బ్లాంకా దగ్గర పట్టిన ఒక పెంకు పురుగుకు డార్వినిలస్ సెడారిసి అన్న పేరు దక్కింది 2014లో. ఇవి ఎప్పుడో ఒకసారి జరిగే వింతలు కావు. నమూనా సేకరణకూ జాతి వర్ణనకూ మధ్య సగటున 21 ఏళ్లు గడుస్తున్నాయని 2012లో ప్రచురితమైన ఒక అధ్యయనం లెక్క తేల్చింది. కొత్త జాతి బయటపడే చోటు చాలాసార్లు అడవి కాదు, మ్యూజియం అర.

ఇంత ఆలస్యానికి కారణం సంఖ్యలోనే ఉంది. పేరున్న పెంకు పురుగుల జాతులు దాదాపు 4 లక్షలు. ఎండుటాకుల పొరలో ఎక్కువగా కనిపించే స్టాఫిలినిడే కుటుంబం ఒక్కదానిలోనే 60 వేలు దాటాయి. పొట్టి పెంకు రెక్కలు, వాటి వెనక బయటికి కనిపించే పొడవాటి ఉదరం ఈ కుటుంబంలో చాలావాటికి గుర్తు. అందులో సెలాఫినే అనే ఉపకుటుంబంలో సుమారు 10 వేల జాతులు, చీమల్ని పోలి ఉండే సిడ్మెనినే ఉపకుటుంబంలో సుమారు 5 వేలు ఉన్నాయి. వీటిలో ఎక్కువ భాగం 1 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవుంటాయి. ఈకల్లాంటి రెక్కలుండే టిలిడే కుటుంబం ఇంకా చిన్నది. పరాన్నజీవులు కాని కీటకాల్లో ఇప్పటివరకు కొలిచినవాటిలో అతి చిన్నదైన సిడోసెల్లా ముసావాసెన్సిస్ ఈ కుటుంబానిదే, కొలత 0.325 మిల్లీమీటర్లు.

పరిమాణం కన్నా పెద్ద చిక్కు మరొకటుంది. ఎండుటాకుల్లో స్థిరపడ్డ జాతుల్లో చాలావాటికి ఎగిరే రెక్కలు కుదించుకుపోయాయి. ఎగరలేని పురుగుకు చల్లని కొండ మీది నీడే లోకం. కింద వేడిగా, పొడిగా ఉన్న లోయను అది దాటలేదు. అలా తరతరాలు విడిగా బతికి, పక్కపక్క కొండల మీద వేర్వేరు జాతులు తయారవుతాయి. పైకి చూస్తే అన్నీ ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. తేడా ఉండేది లోపల.

సేకరణ గురించి చెప్పాలి, ఎందుకంటే తర్వాత బయటపడే లోపాల్లో చాలావాటికి బీజం ఇక్కడే పడుతుంది. చేత్తో ఏరితే ఇవి దొరకవు. ఎండుటాకుల్ని, వాటి కింది నల్లటి ఆకుపొడిని గుప్పిళ్లతో తీసి జల్లెడ సంచిలో వేసి బలంగా ఊపాలి. జల్లెడ కన్ను 8 నుంచి 10 మిల్లీమీటర్లు ఉంటే పెద్ద ఆకులు, పుల్లలు పైన మిగిలి, పొడి పురుగులతో సహా కిందికి దిగుతుంది. ఎంత నేల మీదివో తెలియడానికి చదరపు మీటరు చట్రం వేసి తీయడం మంచిది. కుళ్లిన దుంగల మొదళ్లు, చెట్టు వేళ్ల సందులు, రాళ్ల పక్కన గాలికి పోగుపడ్డ ఆకులు బాగా ఫలిస్తాయి. జల్లించిన పొడిని గుడ్డ సంచుల్లోనే మోయాలి. ప్లాస్టిక్ సంచి మూతి కడితే లోపల వేడెక్కి, చెమ్మపట్టి పురుగులు దారిలోనే చస్తాయి. చచ్చిన పురుగు తర్వాతి దశలో తనంతట తాను కిందికి రాదు. అది పట్టినా పట్టనట్టే.

ఆ తర్వాతి దశకు వింక్లర్ సంచి వాడతాం. పొడిని సన్నని వల సంచుల్లో నింపి, గరాటులా కిందికి సన్నబడే పెద్ద గుడ్డ సంచిలో వేలాడదీయాలి. అడుగున ఆల్కహాల్ కప్పు ఉంటుంది. దీపం అక్కర్లేదు. పొడి నెమ్మదిగా ఆరుతున్నకొద్దీ పురుగులు చెమ్మ కోసం కదిలి, వల కన్నుల్లోంచి జారి కప్పులో పడతాయి. రెండు మూడు రోజులు పడుతుంది. ఇటలీకి చెందిన ఆంటోనియో బెర్లీజ్ 1905లో రూపొందించిన గరాటు పద్ధతి కూడా ఇప్పటికీ వాడుకలో ఉంది. ఇప్పుడు దానికి పైనుంచి బల్బు వేడి ఇస్తున్నారు. 25 నుంచి 40 వాట్ల బల్బు చాలు. తొందరపడి పెద్దది పెడితే పై పొర ఒక్కసారిగా ఎండిపోతుంది, మెత్తటి పురుగులు కిందికి దిగేలోపే మధ్యలో చస్తాయి. తడిసి ముద్దయిన ఆకుల్ని తెచ్చి అలాగే వేసినా ఫలితం ఉండదు. ముందు నీడలో కాస్త ఆరనివ్వాలి.

కప్పులో ఏ ఆల్కహాల్ పోయాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది. డీఎన్‌ఏ కావాలంటే 95–96 శాతం ఇథనాల్, ఆపైన మైనస్ 20 డిగ్రీల చల్లదనం. కానీ అంత గాఢతలో కీళ్లు బిగుసుకుపోతాయి. సూది తగిలితే చాలు, మీసమో కాలో విరిగి వస్తుంది. శరీర నిర్మాణం చూడటానికి 70–75 శాతం మేలు. అందుకే ఒకే చోట దొరికిన పురుగుల్ని రెండు సీసాల్లోకి పంచుకోవాలి. ఫార్మలిన్‌లో వేస్తే డీఎన్‌ఏ దెబ్బతింటుంది, దాని మీద ఆశ పెట్టుకోకూడదు. సీసాలో వేసే లేబుల్‌ను పెన్సిల్‌తో రాయాలి, లేదా నీటికీ ఆల్కహాల్‌కూ చెదరని నల్ల ఇంకుతో రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది. తీసి చూస్తే తెల్లకాగితం ఉంటుంది, ఇక ఆ సీసాలో ఎంత అపురూపమైన పురుగున్నా దానికి ఊరూ పేరూ లేవు.

లేబుల్ విషయంలో పట్టుదలగా ఉండాలి. దేశం, రాష్ట్రం, జిల్లా, సమీప స్థలం, అక్షాంశ రేఖాంశాలు, సముద్రమట్టం నుంచి ఎత్తు, తేదీ, సేకరించిన పద్ధతి, సేకర్త పేరు ఉండాలి. తేదీలో నెలను రోమన్ అంకెల్లో రాయడం ఆచారం. 5.6 అని రాస్తే కొందరికి అది జూన్ 5, మరికొందరికి మే 6. రోమన్‌లో రాస్తే ఏ దేశంవాళ్లు చదివినా ఒకటే అర్థం. ఎత్తు రాయకపోతే కొండ మీది జాతినీ, అడుగున ఉన్న జాతినీ విడదీసే ఆధారం పోతుంది. కాగితం ఆమ్లరహితంగా ఉండాలి. మామూలు కాగితం పసుపెక్కి పొడిపొడి అవుతుంది, పురుగు మాత్రం వందేళ్లు దాటినా చెక్కుచెదరదు.

రెండు మిల్లీమీటర్ల పురుగును సూదితో గుచ్చకూడదు, ముక్కలవుతుంది. చిన్న అట్టముక్క మీదో, కోసుగా కత్తిరించిన అట్ట మొన మీదో అతికించి, సూదిని ఆ అట్టకు గుచ్చాలి. జిగురు నీటిలో కరిగేదై ఉండాలి, ఎందుకంటే దాన్ని మళ్లీ ఊడదీసి కింది వైపు చూడాల్సిన రోజు తప్పకుండా వస్తుంది. ఇన్‌స్టంట్ గ్లూ రకాలు వాడినవాళ్లు తర్వాతి తరాలకు తలనొప్పి మిగుల్చుతారు. జిగురు ఎక్కువైనా ఇబ్బందే. కాళ్ల మొదళ్లు, ఛాతీ కింది పలకలు మునిగిపోతే చూడాల్సిన గుర్తులే కనిపించవు.

ఇక అసలు ప్రశ్న: ఇది కొత్తదేనా? ‘దగ్గరున్న పుస్తకాల్లో లేదు కాబట్టి కొత్తది’ అన్న వాదన చెల్లదు. జంతువుల పేర్ల లెక్క స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ రాసిన ‘సిస్టమా నాచురే’ పదో ముద్రణతో, 1758 నుంచి మొదలవుతుంది. అప్పటినుంచి ఆ ప్రజాతిలో (దగ్గరి జాతులన్నీ చేరే గుంపు, శాస్త్రీయ నామంలో మొదటి మాట దానిదే) ప్రపంచంలో ఎవరు, ఏ భాషలో, ఏ జాతికి పేరు పెట్టినా అవన్నీ చూడాలి. ఇప్పుడు వాడుకలో లేని పాత పేర్లనూ వదలకూడదు. కొన్ని పాత వర్ణనలు లాటిన్‌లో రెండు మూడు పంక్తులే ఉంటాయి: ‘నల్లనిది, మెరుస్తుంది, మీసాలూ కాళ్లూ ఎరుపు’. ఆ వర్ణనకు సరిపోయే జాతులు ఒక్క సీసాలోనే నాలుగు ఉండవచ్చు. అందుకే వర్ణన చదివితే చాలదు, ఆ వర్ణనకు ఆధారమైన పురుగునే చూడాలి. దాన్ని టైప్ నమూనా అంటారు. లండన్, పారిస్, బెర్లిన్, జెనీవా లాంటి చోట్ల మ్యూజియాల్లో వందేళ్ల కిందటి టైప్ నమూనాలు భద్రంగా ఉన్నాయి. వాటిని అరువు అడగాలి, లేదా వెళ్లి చూడాలి, కనీసం కావలసిన కోణాల్లో ఫొటోలు తెప్పించుకోవాలి.

ఇక్కడ తీగ లాగితే డొంకంతా కదులుతుంది. పాత రచయితలు ఒకే పేరు కింద గుచ్చిపెట్టిన ఆరు పురుగుల్లో రెండు జాతులు కలిసి ఉండవచ్చు. అప్పుడు వాటిలో ఒకదాన్ని లెక్టోటైప్‌గా ఎంచి, ఆ పేరు దేనిదో ముందు స్థిరపరచాలి. మగదానికి ఒక పేరు, ఆడదానికి ఇంకో పేరు పెట్టిన సందర్భాలూ ఉన్నాయి. ఈ పురుగుల్లో మగవాటికి మీసాల కణుపులు ఉబ్బి ఉండటం, ముందుకాళ్ల పాదాలు వెడల్పుగా ఉండటం, ఉదరం కింద గుంటలు, కొమ్ముల్లాంటి మొలకలు ఉండటం మామూలే కాబట్టి ఆ పొరపాటు జరగడంలో ఆశ్చర్యం లేదు. ఈ చిక్కులు విప్పకుండా కొత్త పేరు పెడితే ఒకే పురుగుకు రెండు పేర్లవుతాయి. నియమం ప్రకారం ముందు పెట్టిన పేరే నిలుస్తుంది, తర్వాతిది పర్యాయనామంగా మిగులుతుంది. దాన్ని ఎవరో గుర్తించి సరిదిద్దేదాకా, ఆ పేరు వాడిన ప్రతి జాబితా తప్పే.

పైకి ఒకేలా ఉన్న జాతుల్ని విడదీసేది సాధారణంగా మగ జననాంగం. అది గట్టి పెంకులా ఉంటుంది, ఆకారం జాతికొక తీరుగా ఉంటుంది. రెండు మిల్లీమీటర్ల పురుగులో దాని పొడవు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. ఎండిన పురుగును ముందు గోరువెచ్చని నీటిలో నానబెట్టి కీళ్లు మెత్తబరచాలి. తర్వాత మైక్రోస్కోప్ కింద, పుల్లలకు బిగించిన అతి సన్నని సూదులతో ఉదరం కొసను తెరచి లోపలి భాగాన్ని బయటికి తీయాలి. దాని చుట్టూ ఉన్న కండ కరగడానికి 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేయాలి. గది వేడిమిలో కొన్ని గంటలు, వెచ్చబెడితే కొన్ని నిమిషాలు. ఇక్కడ గడియారం చూసి పనిచేస్తే సరిపోదు, పురుగును చూస్తూ ఉండాలి. సమయం మించితే పొరలు ఉబ్బి, పెంకు రంగు పోయి, గీతలు కనిపించనంత పారదర్శకమవుతుంది. ఒకసారి పోయింది తిరిగి రాదు. తీశాక నీటిలో బాగా కడిగి, గ్లిసరాల్ చుక్కలో పెట్టి, కాంపౌండ్ మైక్రోస్కోప్ కింద 100 నుంచి 400 రెట్లు పెద్దది చేసి చూడాలి.

చూసే కోణం దగ్గర చాలా తప్పులు జరుగుతాయి. అదే భాగం పది డిగ్రీలు పక్కకు తిరిగితే కొస వంపు వేరుగా కనిపిస్తుంది. ఆ తేడాను జాతి తేడాగా భ్రమపడే ప్రమాదం ఉంది. అందుకే పైనుంచి ఒకటి, పక్కనుంచి ఒకటి, రెండు నిర్ణీత కోణాల్లోనూ బొమ్మ గీయాలి. కవర్ గాజు పలక వేసి నొక్కితే ఆకారం చదునై వంకర పోతుంది. అప్పుడే పెంకు కట్టిన లేత పురుగును ఎంచుకున్నా మోసపోతాం. దాని రంగు పాలిపోయి ఉంటుంది, జననాంగం ఇంకా గట్టిపడి ఉండదు. ‘గోధుమ రంగు కొత్త జాతి’ అనుకున్నది నల్ల జాతిలోని పసిది కావచ్చు. పని పూర్తయ్యాక ఆ భాగాన్ని యూపరాల్ లాంటి జిగురులో పారదర్శకమైన ముక్క మీద అమర్చి, పురుగు గుచ్చిన సూదికే కింద గుచ్చాలి. పురుగు ఒక పెట్టెలో, దాని జననాంగం ఇంకో పెట్టెలో ఉంటే అవి కలుసుకునే భాగ్యం తర్వాత ఉండకపోవచ్చు. ఆడవాటిలో వీర్యకోశం ఆకారం కొన్ని గుంపుల్లో ఉపయోగపడుతుంది, అన్నిట్లో కాదు. మగది దొరకకుండా ఒకే ఒక ఆడ నమూనాతో జాతిని వర్ణించడం చాలా గుంపుల్లో తొందరపాటే.

కొలతల్లో మొత్తం పొడవును నమ్మకూడదు. పొట్టి రెక్కల పురుగుల ఉదరం దూరదర్శిని గొట్టంలా సాగుతుంది, ముడుచుకుంటుంది. ఆల్కహాల్‌లో సాగిన పురుగు, ఎండి ముడిచిన పురుగు ఒకే జాతివైనా పొడవు వేరుగా వస్తుంది. మారని భాగాల్ని కొలవాలి: తల పొడవు, వెడల్పు, ముందు ఛాతీ పలక పొడవు, వెడల్పు, పెంకు రెక్కల పొడవు, రెండూ కలిపి వెడల్పు. వాటి నిష్పత్తులు రాయాలి. కనీసం పది నమూనాలైనా కొలిచి, అత్యల్పం, అత్యధికం, సగటు ఇవ్వాలి. మైక్రోస్కోప్ కంటి కటకంలోని స్కేలును ప్రతి పెద్దింపు దగ్గరా స్టేజ్ మైక్రోమీటర్‌తో, అంటే కచ్చితమైన కొలత గీతలున్న గాజు పలకతో, సరిచూసుకోకపోతే కొలతలన్నీ ఒకే దిశలో తప్పుతాయి. అలాంటి తప్పు పట్టికలో చక్కగా, నమ్మదగినదిగా కనిపిస్తుంది. అదే దానిలోని ప్రమాదం.

ఫొటో ఒక్క నొక్కుతో రాదు. అంత పెద్దింపులో ఫోకస్ పడేది వెంట్రుకవాసి మందమే. కొద్దికొద్దిగా జరుపుతూ 30 నుంచి 100 దాకా ఫొటోలు తీసి, వాటిని కంప్యూటర్లో ఒకటిగా పేర్చాలి. పెంకు అద్దంలా మెరుస్తుంది కాబట్టి వెలుతురును తెల్లని తెర గుండా పంపాలి, లేకపోతే పెంకు మీది గుంటలు, సన్నని వల గీతలు తెల్లమచ్చల్లో మునిగిపోతాయి. బొమ్మ పక్కన స్కేలు గీత ఉండాలి. ‘50 రెట్లు’ అని రాస్తే అచ్చులో బొమ్మ సైజు మారగానే ఆ అంకెకు అర్థం పోతుంది. మీ పత్రిక ఆ బొమ్మను వేసేటప్పుడు కూడా స్కేలు గీతను కత్తిరించవద్దని మనవి. చాలా వార్తల్లో అది కత్తెరకు బలై, ఒకటిన్నర మిల్లీమీటర్ల పురుగు అరచేతిలో పట్టేంత ఉందనిపిస్తుంది.

డీఎన్‌ఏ చూస్తే క్షణాల్లో తేలిపోదా అని అడుగుతుంటారు. అది మంచి సాయం, కానీ తీర్పు కాదు. సాధారణంగా చూసేది సీఓఐ అనే మైటోకాండ్రియా జన్యువులోని 658 అక్షరాల ముక్క. పురుగును నలపనక్కర్లేదు. ఉదరాన్ని మెల్లగా విడదీసి, ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్ కె ద్రావణంలో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉంచితే మెత్తటి కణజాలం కరిగి డీఎన్‌ఏ వస్తుంది, పెంకు మిగులుతుంది. మిగిలిన పెంకును కడిగి అతికించుకోవచ్చు. రెండు మూడు శాతం తేడా ఉంటే వేరే జాతి అన్న లెక్క అన్ని గుంపులకూ వర్తించదు. ఎగరలేని పురుగుల్లో ఒకే జాతికి చెందిన వేర్వేరు కొండల గుంపుల మధ్య కూడా పెద్ద తేడా ఉండవచ్చు. జననాంగం, పెంకు, డీఎన్‌ఏ, దొరికిన చోటు ఒకే మాట చెబితే ధైర్యంగా రాయవచ్చు. చెప్పకపోతే ఆగాలి. వేగంగా చేయడం అసాధ్యమని మేం అనడం లేదు. న్యూగినీకి చెందిన ట్రైగోనోప్టెరస్ అనే ఎగరలేని ముక్కు పురుగుల్లో 101 కొత్త జాతుల్ని 2013లో ఒకే పరిశోధన పత్రంలో వర్ణించారు. ప్రతి జాతికీ క్లుప్త వర్ణన, నాణ్యమైన బొమ్మలు, డీఎన్‌ఏ వరస ఇచ్చారు. దాని వెనక చాలా ఏళ్ల సేకరణ ఉంది, ప్రతి జాతికీ జననాంగం బొమ్మ కూడా ఉంది.

తర్వాత రాయడం. అంతర్జాతీయ జంతు నామకరణ నియమావళి నాలుగో ముద్రణ 2000 జనవరి 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం కొత్త పేరు చెల్లాలంటే అది కొత్త జాతి అని స్పష్టంగా చెప్పాలి. మిగతా జాతుల నుంచి దాన్ని వేరుచేసే లక్షణాల్ని మాటల్లో రాయాలి. పేరుకు ఆధారమైన టైప్ నమూనాను, సాధారణంగా హోలోటైప్ అనే ఒకే ఒక పురుగును, ప్రకటించి, అది ఏ సంస్థలో, ఏ ఊళ్లో ఉంటుందో పేర్కొనాలి. ఈ ఒక్క వాక్యం మరచిపోయినందుకు మిగతా పని ఎంత బాగున్నా పేరు చెల్లకుండా పోతుంది. పత్రం ఆన్‌లైన్‌లో మాత్రమే వెలువడేదైతే, 2012లో చేసిన సవరణ ప్రకారం ముందే జంతువుల పేర్ల అధికారిక ఆన్‌లైన్ పట్టిక అయిన జూబ్యాంక్‌లో నమోదు చేసి, ఆ నమోదు ఆధారాన్ని పత్రంలోనే చూపాలి. ప్రచురించాక నమోదు చేస్తే ఆ పత్రానికి ప్రయోజనం లేదు.

వర్ణన కన్నా ‘భేద లక్షణాల’ పేరా ముఖ్యమని మా అభిప్రాయం. తల నుంచి కొస దాకా రెండు పేజీల వర్ణన రాసి, దగ్గరి జాతికీ దీనికీ తేడా ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పలేకపోతే ఆ పత్రం ఎవరికీ పనికిరాదు. ‘ఇది ఫలానా జాతికి దగ్గర, కానీ దానికి ఎనిమిదో మీసం కణుపు పొడవు వెడల్పుకు రెట్టింపు, దీనికి సమానం’ అన్నట్టు, చదివినవాళ్లు తమ సీసాలోని పురుగును పక్కన పెట్టి సరిచూసుకునేలా ఉండాలి. వీలైతే ఆ ప్రజాతి మొత్తానికి గుర్తింపు కీ, అంటే లక్షణాల్ని ఒక్కొక్కటిగా చూస్తూ జాతిని తేల్చుకునే పట్టిక, ఇవ్వాలి. హోలోటైప్‌కు ఎర్ర లేబుల్, తోడు నమూనాలైన పారాటైప్‌లకు పసుపు లేబుల్ పెట్టడం చాలా చోట్ల ఆచారం. పారాటైప్‌లను ఒకే భవనంలో ఉంచకుండా రెండు మూడు మ్యూజియాలకు పంచాలి. 2018 సెప్టెంబరు 2న బ్రెజిల్ జాతీయ మ్యూజియం తగలబడినప్పుడు అక్కడి కీటకాల సేకరణలో ఎక్కువ భాగం ఒక్క రాత్రిలో పోయింది.

పేరు పెట్టడం అందరికీ నచ్చే భాగం. దానికీ వ్యాకరణం ఉంది. రెండో మాట విశేషణమైతే ప్రజాతి పేరు లింగాన్ని బట్టి మారుతుంది. నలుపుకు పుంలింగంలో నైగర్, స్త్రీలింగంలో నైగ్రా, నపుంసకలింగంలో నైగ్రమ్. మొదట్లో చెప్పిన కెన్యా పురుగుకు పర్యావరణ ఉద్యమకారిణి గ్రెటా థున్‌బర్గ్ గౌరవార్థం పెట్టిన పేరు ‘గ్రేటే’ అయింది స్త్రీ పేరుకు చేరే షష్ఠీ ప్రత్యయం వల్లే. తన పేరు తానే పెట్టుకోవడాన్ని నియమావళి నిషేధించలేదు గానీ, ఎవరూ హర్షించరు. ఒకసారి చెల్లుబాటైన పేరును నచ్చలేదని మార్చడం కుదరదు. స్లొవేనియా గుహల్లోని ఒక గుడ్డి పెంకు పురుగుకు 1937లో హిట్లర్ పేరు పెట్టారు, ఇప్పటికీ అదే పేరు. ఆ పేరు మోజుతో కొనేవాళ్ల కోసం పట్టేవాళ్లు ఎక్కువై పురుగుకే ముప్పు వచ్చింది.

చంపడం గురించి సూటిగా చెప్పాలి. అవును, చంపుతాం. పైన రాసిన గుర్తులు బతికి పరిగెత్తే పురుగులో కనిపించవు, ఎంత మంచి ఫొటోలోనూ కనిపించవు. రేపు ఎవరైనా మా మాటను అనుమానిస్తే తీసి చూపడానికి ఆ పురుగే సాక్ష్యం. అయితే అవసరానికి మించి తీయకూడదు, అనుమతి లేకుండా అసలే తీయకూడదు. మగ, ఆడ కలిపి పది ఇరవై నమూనాలు సాధారణంగా సరిపోతాయి. జల్లించగా పైన మిగిలిన ఆకుల్ని తీసిన చోటే తిరిగి పరచాలి. ఎండుటాకుల్ని ఊడ్చి తగలబెట్టే చోట ఈ పురుగులు నిలవవు. పది నమూనాల కన్నా ఒక్క మంట చేసే నష్టం ఎన్నో రెట్లు పెద్దది. నమూనాకు సరైన లేబుల్ రాయకపోవడమే మా దృష్టిలో క్షమించరాని హింస, అప్పుడు పురుగు ఊరికే చచ్చినట్టు.

ఇక మీ పత్రికకు మా విన్నపాలు. శాస్త్రవేత్తను ‘ఎక్కడ దొరికింది’ అని అడిగాక, ‘దీనికి అతి దగ్గరి జాతి ఏది, తేడా ఏమిటి, హోలోటైప్ ఏ మ్యూజియంలో ఉంది, పత్రం ఎక్కడ ప్రచురితమైంది’ అని కూడా అడగండి. జవాబుల్ని వార్తలో వేయండి. తెలుగు లిపిలో పెద్దక్షరాలు, చిన్నక్షరాలు లేవు, కాబట్టి పేరు మొదటిసారి వచ్చినచోట తెలుగుతో పాటు రోమన్ లిపిలోనూ ఇవ్వండి. ప్రజాతి మొదటి అక్షరం పెద్దది, జాతి పేరు మొత్తం చిన్న అక్షరాల్లో, రెండూ వాలు అక్షరాల్లో ఉండాలి. ఒక్క అక్షరం మారినా వెతికేవాళ్లకు ఆ పత్రం దొరకదు.

అన్నిటికన్నా ముఖ్యమైనది, పత్రం వెలువడకముందు పేరును అచ్చు వేయకండి. వర్ణన లేకుండా బయటికొచ్చిన పేరును ‘నగ్ననామం’ అంటారు, నియమావళి దృష్టిలో దానికి విలువ లేదు. సమీక్షలో పేరు మారవచ్చు, లేదా ఆ పురుగు పాత జాతేనని తేలవచ్చు. అప్పుడు మీ పత్రికలో వచ్చిన పేరు ఏ పురుగుకూ చెందకుండా ఇంటర్నెట్‌లో ఉండిపోతుంది, జాబితాలు కూర్చేవాళ్లు దాన్ని నిజమనుకుని ఎక్కించుకుంటారు. శాస్త్రవేత్తలే ఉత్సాహంతో ముందుగా చెప్పినా, ‘పత్రం వచ్చిన రోజున వేస్తాం’ అని వారితో చెప్పండి.

ఇట్లు,
ఎండుటాకుల పెంకు పురుగుల వర్గీకరణలో పనిచేస్తున్న కొందరు